ఏడో నెల, మూడు రోజులుగా తలనొప్పి – ఎండ వల్లేనా, ఆసుపత్రికి పోవాల్నా?

ఎమ్మిగనూరు_చెల్లి · శనివారం రాత్రి 9:40

అక్కలందరికీ నమస్తే. నాకిది మొదటి కాన్పు. 29 వారాలు నడుస్తున్నాయి. పోయిన వారమే పత్తికొండలో మా అత్తగారింట్లో సీమంతం చేసి, అమ్మావాళ్లు పుట్టింటికి తీసుకొచ్చారు. మూడు రోజులుగా మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి మొదలవుతోంది. రెండు కణతలూ, మెడ వెనకా పట్టేసినట్టు ఉంటుంది. రాత్రి పడుకుంటే తగ్గుతుంది, మర్నాడు మళ్లీ అదే టైముకు హాజరు.

మా జేజి సానరాయి మీద శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేస్తోంది. వేసినంతసేపూ చురుక్కుమంటూ హాయిగానే ఉంటుంది. ఆరిపోయి పొడి రాలేటప్పటికి నొప్పి తిరిగొస్తుంది. అమ్మేమో ఎండ వల్ల అంటోంది. మా ఆయన బెంగళూరు నుంచి ఫోన్ చేసి, ముందు ఆ మొబైల్ పక్కన పెట్టు అంటున్నారు. సీమంతంలో దిష్టి తగిలిందని పక్కింటి పెద్దమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో కూడా వేసింది. మాత్ర మాత్రం ఏదీ వేసుకోలేదు, బిడ్డకేమన్నా అవుతుందేమోనని భయం. నెల చెకప్‌కి ఇంకా పది రోజులుంది. అంతవరకు ఆగొచ్చా?

కడప_కోడలు · 9:52

నాకూ ఇంతే ఉండేది చెల్లీ. ఎండాకాలం కడుపుతో ఉంటే తప్పదు. మజ్జిగ తాగు, కొబ్బరినీళ్లు తాగు, కర్టెన్ వేసుకుని పడుకో. టెన్షన్ పడకు, సగం తలనొప్పి టెన్షన్‌కే వస్తుంది.

అనంత_ఆవిడ · 9:58

అద్దాలు మార్పించుకో. నాకు ఆరో నెలలో సైట్ పెరిగింది.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 10:15

కడప కోడలమ్మ చెప్పింది తప్పు కాదు గానీ, అంతకంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఎమ్మిగనూరు చెల్లీ, ఆఖరుసారి బీపీ ఎప్పుడు చూశారు? ఎంత ఉంది? నీ తల్లీబిడ్డ కార్డులో రాసి ఉంటుంది, తీసి చూడు.

కర్నూలు జిల్లాలోనే ముప్ఫై ఏళ్లు కాన్పుల వార్డుల్లో పనిచేసి రిటైరయ్యాను. ముఖం చూసి ఇది ఎండ తలనొప్పి, ఇది బీపీ తలనొప్పి అని చెప్పగలిగిన మనిషి నాకు ఆ ముప్ఫై ఏళ్లలో తగల్లేదు. డాక్టర్లు కూడా చేతికి పట్టీ కట్టి చూసే చెప్తారు. మొదటి మూడు నెలల్లో తలనొప్పి సర్వసాధారణం. ఒంట్లో రక్తం పెరుగుతుంది, హార్మోన్లు మారతాయి, వాంతులకి తిండి సరిగా ఉండదు. 20 వారాలు దాటాక వచ్చే తలనొప్పికి మాత్రం ముందు బీపీ చూడాలి, కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. నీకు 29.

ఇంకొన్ని అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. కళ్ల ముందు మెరుపులు గానీ, మసక గానీ వస్తోందా? కుడివైపు పక్కటెముకల కింద, లేదా గుండెల కింద నొప్పి ఉందా? ఈ మధ్య కొత్తగా వాంతులవుతున్నాయా? పొద్దున లేచేసరికి ముఖం, చేతివేళ్లు ఉబ్బుతున్నాయా, ఉంగరం బిగుసుకుందా? బిడ్డ కదలిక ఎప్పట్లాగే ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరు.

అనంత ఆవిడా, కడుపుతో ఉన్నప్పుడు కంట్లోనూ నీరు పట్టి సైట్ కాస్త అటూ ఇటూ అవుతుంది. చాలామందికి కాన్పయ్యాక మళ్లీ మామూలవుతుంది. ఇప్పుడు మూడు వేలు పెట్టి అద్దాలు చేయించుకుంటే తర్వాత అవి పనికిరాకపోవచ్చు. చూపు ఉన్నట్టుండి మసకబారితే మాత్రం అద్దాల షాపుకి కాదు, ఆసుపత్రికే పోవాలి.

ఎమ్మిగనూరు_చెల్లి · 10:31

కార్డు చూశానమ్మా. 24వ వారంలో 110/70 అని రాసుంది, తర్వాత చూపించుకోలేదు. సీమంతం హడావుడిలో పోయిన నెల చెకప్ తప్పిపోయింది. మెరుపులు, మసక ఏమీ లేవు. పొట్ట పైభాగంలో నొప్పి లేదు. సాయంత్రానికి కాళ్లు మాత్రం వాస్తున్నాయి, చెప్పులు పట్టట్లేదు. పొద్దున్నకు తగ్గిపోతాయి. ఉంగరం వదులుగానే తిరుగుతోంది. పాప బాగా తంతోంది, ఇప్పుడు కూడా.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 10:38

అయితే ఈ రాత్రి పడుకో. సాయంత్రం కాళ్ల వాపు చాలామందికి ఉండేదే, దాని ఒక్కదానికి బెంగ పడక్కర్లేదు. రేపు ఆదివారమని ఊరుకోవద్దు, పొద్దున్నే ఎక్కడో ఒకచోట బీపీ చూపించుకో. మీ వీధిలో ఏఎన్‌ఎం గానీ, ఆశా గానీ ఉంటే ఫోన్ చెయ్యి. 140/90, అంతకు పైన వస్తే నేరుగా ఆసుపత్రికి. 160/110 అయితే 108కి ఫోన్ చెయ్యాలి. రాత్రిలో ఏమన్నా మారినా అంతే, పొద్దున్న దాకా ఆగకు.

సీమ_సింహం · 10:50

ఊరికే భయపెడుతున్నారు. మా అమ్మ ఆరుగురిని కన్నది, ఒక్కసారి కూడా బీపీ చూడలేదు. తలనొప్పికే ఆసుపత్రికి పోతే వాళ్లు ఊరుకుంటారా, అడ్మిట్ చేసుకుని సిజేరియన్ దాకా తీసుకుపోతారు.

ప్రొద్దుటూరు_వదిన · 11:20

అన్నా, మీ అమ్మగారు చల్లగా ఉండాలి. నా సంగతి చెప్తాను.

నాలుగేళ్ల కిందట, నాకు 34 వారాలు. పొద్దున్నుంచి తలనొప్పి, గుండెల కింద గట్టిగా పట్టేసినట్టు నొప్పి. ముందురోజు ఓలిగలు తిన్నాను కదా, గ్యాస్ అనుకున్నాం. మా అత్తమ్మ వాము నమిలించింది. సాయంత్రం దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే అక్కడి సిస్టర్ బీపీ చూడకుండానే, మేడమ్ లేరు, గ్యాస్ మాత్ర వేసుకుని రేపు రండి అంది. ఆమెనే అనడానికి లేదు, నేనూ గ్యాసనే చెప్పాను. తలనొప్పి సంగతి చెప్పనేలేదు. రెండింటికీ సంబంధం ఉంటుందని నాకేం తెలుసు.

రాత్రి అన్నం తింటుంటే గోడ మీద క్యాలెండరు రెండుగా కనబడింది. తారీఖులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అంతవరకే గుర్తుంది నాకు. ఫిట్స్ వచ్చాయట. చేతిలో తాళాలు పెట్టారు, పళ్ల మధ్య స్పూన్ పెట్టబోతే ఒక పన్ను విరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. కడపకు తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. బాబు 1.8 కిలోలు. ఇప్పుడు బాగున్నాడు, అల్లరికి అంతులేదు. నాకు మాత్రం ఆ రెండు రోజులు లేవు. బిడ్డ ఏడ్చింది కూడా నేను వినలేదు.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 11:41

కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ఇలా ఫిట్స్ రావడాన్నే మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు. జబ్బు కొత్తది కాదు. మీ అమ్మగారి కాలంలోనూ ఉంది, సీమ సింహం గారూ. అప్పుడు బీపీ చూడలేదు కాబట్టి పేరు తెలియకుండా పోయారు, అంతే తేడా.

ఇది ఎలా జరుగుతుందో మామూలు మాటల్లో చెప్తాను. గర్భం నిలిచేటప్పుడే మాయకు రక్తం చేరవేసే నాళాలు సరిగ్గా వెడల్పవ్వవు. ఆ ఒత్తిడికి మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి వస్తాయి. వాటివల్ల ఒళ్లంతా ఉన్న సన్న నాళాలు దెబ్బతింటాయి. కిడ్నీలో దెబ్బతింటే మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కాలేయం దగ్గరైతే కుడిపక్క నొప్పి, మెదడులో అయితే తలనొప్పి, కళ్లకు మెరుపులు, ఆపైన ఫిట్స్. అందుకే ప్రొద్దుటూరు వదినకు పొట్టనొప్పి, తలనొప్పి జంటగా వచ్చాయి. మొదటి కాన్పులో, కవలలు ఉన్నప్పుడు, ముందునుంచీ బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో, తల్లికో అక్కకో వచ్చి ఉంటే ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకూడదు. తాళాలు, ఉల్లిపాయ వాసన, ఇవేవీ పనిచేయవు. ఎడమపక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, నోట్లోంచి నురగ బయటికి కారేలా చూసి, 108కి ఫోన్ చెయ్యాలి. మెగ్నీషియం సల్ఫేట్ అని ఇంజెక్షన్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో దానికి డబ్బు తీసుకోరు. ఫిట్స్ రాకముందే ఇస్తే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 33 దేశాల్లో పది వేల మందికి పైగా గర్భిణులు, బాలింతల మీద చేసిన పరిశోధనలో తేలింది. అది 2002లో వచ్చింది. నేను అప్పుడు నైట్ డ్యూటీల్లో ఉన్నాను, ఆ ఇంజెక్షన్ వాడకం పెరిగాక వార్డు ఎంత మారిందో కళ్లారా చూశాను.

మందులషాపు_అన్న · ఆదివారం ఉదయం 6:55

నాది అనంతపురంలో మందుల షాపు. మాత్ర గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నా.

రోజూ జరిగేది ఒకటి చెప్తా. భర్త వచ్చి, అన్నా తలనొప్పి మాత్ర ఇవ్వు అంటాడు. ఎవరికి అని అడగకపోతే చెప్పడు. అడిగితే, మా ఇంట్లో వాళ్లకి అంటాడు. ఇంకా అడిగితేనే ఏడో నెల అని బయటికొస్తుంది. దయచేసి గర్భిణికి అన్న మాట ముందే చెప్పండి.

పారాసెటమాల్ 500 గానీ 650 గానీ, తలనొప్పికి డాక్టర్లు ముందుగా రాసేది అదే. మాత్రకూ మాత్రకూ కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఎడం ఉండాలి. రోజుకు 4 గ్రాములు దాటకూడదంటారు గానీ, మామూలు తలనొప్పికి అంతదాకా పోవాల్సిన పనే రాదు. ఒకటి రెండు మాత్రలకు తగ్గకపోతే ఇంకో మాత్ర కోసం నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి పోండి. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది. అదీ ఇదీ కలిపి వేసుకుంటే తెలియకుండానే డోసు రెట్టింపవుతుంది.

వద్దనేవి: ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకం నొప్పి మాత్రలు. కాంబిఫ్లామ్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబూప్రొఫెన్ కూడా ఉంది, అది తెలియక చాలామంది అడుగుతారు. 20 వారాల తర్వాత ఈ రకం మాత్రలు బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గించొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. చివరి నెలల్లో అయితే బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం ఉంది. నొప్పికి వేసుకునే డిస్ప్రిన్ కూడా వద్దు.

ఆలూరు_అమ్మాయి · 7:20

అన్నా నాకు డాక్టరమ్మ నాలుగో నెల నుంచి రాత్రి పూట ఆస్పిరిన్ రాసింది. డిస్ప్రిన్ వద్దంటున్నారు కదా, రెండూ ఒకటే అని మా మరిది అంటున్నాడు. ఆపేయాలా?

మందులషాపు_అన్న · 7:31

ఆపొద్దమ్మా! మందు ఒకటే, మోతాదు వేరు. నీకు రాసింది 75 గానీ 150 మిల్లీగ్రాములు గానీ ఉంటుంది. అది నొప్పికి కాదు, బీపీ జబ్బు రాకుండా ముందు జాగ్రత్త. ఆ ముప్పు ఎక్కువున్నవాళ్లకు మూడో నెల దాటాక మొదలుపెడతారు. ఎప్పుడు ఆపాలో రాసిన డాక్టరే చెప్తారు. మీ మరిదిని మా షాపుకి పంపించు, టీ తాగించి చెప్తా.

కొత్త_తల్లి_గుత్తి · 8:05

మా ఫ్యామిలీ గ్రూపులో పారాసెటమాల్ వేసుకుంటే పిల్లలకు ఆటిజం వస్తుందని వీడియో తిరుగుతోంది. అమెరికా ప్రెసిడెంటే చెప్పాడట. నేను రెండో నెలలో జ్వరానికి వేసుకున్నా. అప్పట్నుంచి నిద్ర లేదు.

మందులషాపు_అన్న · 8:30

2025 సెప్టెంబరులో ట్రంప్ చెప్పింది నిజమే. ఆ వెంటనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ సంబంధాన్ని రుజువు చేసే గట్టి ఆధారం లేదని ప్రకటించింది. స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల రికార్డులు చూసి 2024లో ఒక పరిశోధన వేశారు. అందులో మంచి పని ఏం చేశారంటే, ఒకే తల్లి పిల్లల్లో, కడుపులో ఉండగా ఒకరికి మాత్ర తగిలి ఇంకొకరికి తగలని వాళ్లను పోల్చారు. తేడా కనబడలేదు. జ్వరాన్ని అలాగే వదిలేస్తే బిడ్డకు మంచిది కాదు, ఆ రోజు నువ్వు చేసింది సరైన పనే. అవసరం లేకుండా వేసుకోవద్దు, అవసరమైతే భయపడొద్దు.

పార్శ్వనొప్పి_బాధితురాలు · 8:48

నాది వేరే కథ. పదహారేళ్ల నుంచి మైగ్రేన్ ఉంది. ముందు కంటి పక్కన వంకీల వెలుగు, అరగంటకు ఒకవైపు నొప్పి. మా రాయదుర్గం ఎండలో ప్రతి వేసవీ నరకమే. కడుపుతో ఉన్నానని తెలిసిన రోజే డాక్టరు నా పాత చీటీ చూసి రెండు మందులు కొట్టేశారు. ఒకటి వాసోగ్రెయిన్, అందులో ఎర్గోటమైన్ ఉంటుంది, గర్భసంచి నాళాల్ని బిగిస్తుందట. ఇంకోటి మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే వాల్‌ప్రోయేట్, అది బిడ్డ మెదడు, వెన్నెముక ఎదుగుదలకు మంచిది కాదట. ఆ మందు వాడుతున్నవాళ్లు అసలు గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడాలని చెప్పారు. సొంతంగా ఆపేయకూడదని కూడా చెప్పారు, ఫిట్స్ జబ్బుకి వాడేవాళ్లు మరీను.

ఆశ్చర్యం ఏంటంటే నాలుగో నెల నుంచి నాకు మైగ్రేన్ దాదాపు మాయం. చాలామందికి అలా తగ్గుతుందని డాక్టరు ముందే అన్నారు, నేను నమ్మలేదు. అయితే ఎనిమిదో నెలలో ఒకరోజు నొప్పి వచ్చింది. వంకీల వెలుగు లేదు, తల మొత్తం బరువుగా ఉంది. నా మైగ్రేన్‌ని నేను గుర్తుపట్టలేనా? ఇది అది కాదు. పోతే బీపీ 144/92. తర్వాత మాత్రలతో నెట్టుకొచ్చారు. పాత తలనొప్పి ఉన్నవాళ్లు మాలాంటి వాళ్లే ఎక్కువ మోసపోయేది, మనకిది అలవాటేలే అనుకుని.

ఎమ్మిగనూరు_చెల్లి · 11:10

అందరికీ థ్యాంక్స్. మా పేటలోనే ఏఎన్‌ఎం అక్క ఉంది, ఆదివారమైనా ఇంటికి రమ్మంది. నేను ఎండలో నడిచి వెళ్లానని వెంటనే చూడలేదు. ఫ్యాన్ కింద కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, కాలు మీద కాలు వేసుకోనివ్వకుండా, ఐదు నిమిషాలు మాట్లాడొద్దంది. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తుకు పెట్టించి చూసింది. 116/74. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 114/72. మూత్రంలో పుల్ల ముంచి చూసింది, రంగు మారలేదు, అల్బుమిన్, అంటే ప్రొటీన్ పోవట్లేదంది. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కూర్చోబెట్టి ఆరా తీసింది. ఏం తింటున్నావు, ఎన్ని నీళ్లు తాగుతున్నావు అని. మా బాత్రూం పెరట్లో, ఆరు మెట్లు దిగి పోవాలి. మాటిమాటికీ దిగలేక నీళ్లు తగ్గించేశాను. లెక్కేస్తే రోజుకు లీటరు కూడా లేదు. పైగా బిడ్డ నల్లగా పుడుతుందని జేజి మంగళవారం నుంచి కాఫీ మాన్పించింది. అత్తగారింట్లో రోజుకు నాలుగు గ్లాసులు తాగేదాన్ని.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 11:25

దొరికింది దొంగ! నాలుగు గ్లాసులు తాగే మనిషి ఒక్కరోజులో ఆపేస్తే తలనొప్పి రాక ఏమవుతుంది. ఆపిన ఒక రోజులోపే మొదలై వారం పైన కూడా ఉండొచ్చు. రంగుకూ కాఫీకీ సంబంధం లేదని జేజికి చెప్పు, ఆమె నమ్మదు, అయినా చెప్పు. గర్భిణికి రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపు పర్వాలేదంటారు, అంటే చిన్న గ్లాసులు ఒకటి, మహా అయితే రెండు. టీలోనూ, కూల్‌డ్రింకుల్లోనూ కెఫీన్ ఉంటుంది, అది కూడా లెక్కే. ఐరన్ మాత్ర వేసుకున్న గంట రెండు గంటల దాకా కాఫీ తాగకు, ఐరన్ ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర కూడా ఐరన్‌తో కలిపి వేసుకోకు.

నీళ్ల విషయంలో మాత్రం నీదే తప్పు. కర్నూలు ఎండలో లీటరు ఏ మూలకి? పెరట్లోకి దిగలేకపోతే గదిలోనే ఏర్పాటు చేయించుకో, ఇందులో సిగ్గేముంది. హిమోగ్లోబిన్ ఎంత?

ఎమ్మిగనూరు_చెల్లి · 11:29

పాతది 9.4. రేపు మళ్లీ రక్తం ఇమ్మంది. 11 ఉండాలట కదా. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలబద్ధకం అని మధ్యలో ఆపేశాను, నిజం చెప్పేస్తున్నా.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 11:36

రక్తం తక్కువైనా తల దిమ్ముగా ఉంటుంది, ఆయాసం వస్తుంది. మాత్ర ఆపకుండా, పడుకునే ముందు వేసుకుని చూడు. రాగి సంగటి, ఆకుకూర పప్పు, మీద ఒక నిమ్మచెక్క పిండుకో. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూసే రోజు ఉంటుంది, ఈసారి అది తప్పించకు. ఈ తలనొప్పి నాలుగు రోజుల్లో తగ్గకపోతే, లేదా దాని తీరు మారితే, మళ్లీ బీపీ చూపించుకోవాలి. ఈరోజు 116 ఉందంటే వచ్చే వారం కూడా అంతే ఉంటుందని కాదు.

కర్నూలు_బేగం · మధ్యాహ్నం 1:15

నీళ్ల మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. మొన్న రంజాన్‌లో ఆరో నెలతో రోజాలు ఉన్నాను. సాయంత్రం అసర్ నమాజు వేళకు తల పగిలిపోయేది. మా అమ్మీయే వద్దంది. కడుపుతో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు కదా బేటీ అని. మానేశాక మూడో రోజుకి తలనొప్పి లేదు. ఏకాదశి ఉపవాసాలు చేసే అక్కలకు కూడా ఇది పనికొస్తుందని రాశాను.

తాడిపత్రి_అబ్బాయి · సాయంత్రం 7:48

నేను ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నిన్నటి నుంచి ఈ చర్చ చదువుతున్నాను. మా ఇంట్లో 35 వారాలు. రెండు రోజులుగా తలనొప్పి, కరెంటు పోయి వచ్చినప్పుడు ట్యూబులైటు కొట్టుకున్నట్టు కళ్ల ముందు మెరుస్తోందని మధ్యాహ్నం అంది. పారాసెటమాల్ వేసుకుంటే కాస్త తగ్గింది. మా నాన్నది పాత బీపీ మిషన్ అటక మీద ఉంటే దింపి, సెల్స్ మార్చి ఇప్పుడే చూశాను. 164/108 చూపిస్తోంది. మిషన్ పాడైందేమో అని నాకు పెట్టుకుంటే 122/80 వచ్చింది. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి పోదామనుకుంటున్నాం. సరేనా?

సిస్టరమ్మ_రిటైర్డ్ · 7:51

రేపు కాదు నాయనా, ఇప్పుడే. 108కి ఫోన్ చెయ్యి. బీపీ 164, కళ్లకు మెరుపులు అని ఆ రెండు మాటలూ చెప్పు. మాత్రకు తగ్గినా నమ్మొద్దు, పారాసెటమాల్ నొప్పిని తగ్గిస్తుంది గానీ బీపీని కాదు. కార్డు, స్కానింగులు, ఆధార్ సంచిలో వేసుకో. ఎడమపక్కకు పడుకోబెట్టి తీసుకుపో. బైక్ మీద వద్దు. ఫోన్ చేశాక ఇక్కడ జవాబు రాయక్కర్లేదు.

ప్రొద్దుటూరు_వదిన · 7:53

తమ్ముడూ లే, కదులు.

సీమ_సింహం · 9:30

ఏమైంది అక్కడ? ఎవరికన్నా తెలుసా?

తాడిపత్రి_అబ్బాయి · మంగళవారం ఉదయం 5:40

ఇప్పుడు కాస్త కూర్చున్నాను. తాడిపత్రిలోనే బీపీకి మందు, ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ ఇచ్చి అనంతపురం పంపారు. ఆ ఇంజెక్షన్‌కి ఒళ్లంతా కాలిపోతున్నట్టుందని ఏడ్చింది, అది మామూలేనట. మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్సులు. 35 వారాలు కాబట్టి ఇక ఆగకూడదని, జబ్బు తగ్గాలంటే కాన్పు ఒక్కటే దారని, సోమవారం తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. పాప. 2.1 కిలోలు. పిల్లల వార్డులో పెట్టారు, పాలు తాగుతోంది. ఫిట్స్ రాలేదు.

ఇంకో రెండు అడగాలి సిస్టరమ్మా. ఈరోజు లేచి కూర్చుంటే తలనొప్పి అంటోంది, పడుకుంటే పోతుందట. మళ్లీ బీపీయేనా? రెండోది, మా అత్తమ్మ బాలింతకు నీళ్లు ఎక్కువిస్తే పొట్ట జారుతుంది, బిడ్డకు జలుబు చేస్తుంది అని రోజుకు రెండు లోటాలే ఇస్తోంది.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 6:20

బంగారుతల్లి పుట్టింది, సంతోషం నాయనా.

కూర్చుంటే వచ్చి పడుకుంటే పోయే నొప్పి చాలామటుకు వెన్నులో ఇచ్చిన మత్తు సూదిది. సూది పడిన చోట వెన్నుద్రవం కొంచెం కారడం వల్ల వస్తుంది. మత్తు డాక్టరుకు చెప్పండి. ఎక్కువమందికి నీళ్లు, విశ్రాంతి, మాత్రలతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే వాళ్ల దగ్గర వేరే పద్ధతి ఉంది. అయినా బీపీ చూపించకుండా వదలొద్దు. కాన్పుతో జబ్బు ఆ రోజే పోదు, మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పైకి లేస్తుంది. ఆరు వారాల దాకా ఆమె తలనొప్పి అంటే తేలిగ్గా తీసుకోకు.

నీళ్ల సంగతి. మీ అత్తమ్మకు ఈ ఫోన్ ఇచ్చి చదివించు. అమ్మా, బాలింత రక్తం మామూలుగానే త్వరగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది. నీళ్లు మాన్పిస్తే ఇంకా చిక్కబడి, మెదడులోని సిరల్లో గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, తర్వాత ఫిట్స్, ఒక చెయ్యి పడిపోవడం. పదిహేనో రోజున అలా మోసుకొచ్చిన బాలింతల్ని నా చేతులతో స్ట్రెచర్ మీదికి ఎక్కించాను. నీళ్లకు పొట్ట జారదు, పాలు పడతాయి. వేడినీళ్లే ఇవ్వండి, కాదనను, అడిగినన్ని ఇవ్వండి.

తాడిపత్రి_అబ్బాయి · 8:15

చదివించాను. ఏమీ అనలేదు. ఇప్పుడే ఫ్లాస్కు నిండా వేడినీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది. బీపీ 138/88 ఉంది, మాత్రలు ఇంటికెళ్లాక కూడా వాడాలన్నారు. మత్తు డాక్టరు పది గంటలకు వస్తారట.

సీమ_సింహం · 8:40

తమ్ముడూ, శుభం. మా ఆవిడకు ఐదో నెల. నిన్న బీపీ చూపించుకొచ్చాం. ఇంకేం అడగొద్దు.

ఎమ్మిగనూరు_చెల్లి · బుధవారం సాయంత్రం 6:10

తాడిపత్రి అన్నకు, వదినకు, పాపకు మా ఇంటిల్లిపాదీ తరఫున శుభాకాంక్షలు. నాకు నిన్నటి నుంచి తలనొప్పి లేదు. పొద్దున ఒక గ్లాసు కాఫీ, జేజి చూడనట్టు అటు తిరిగి కూర్చుంటోంది. రెండు లీటర్ల బాటిల్ సాయంత్రానికి ఖాళీ చేస్తున్నా. హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది, తగ్గింది, 9వ తేదీన డాక్టరు చూసి ఇంజెక్షన్ రూపంలో ఐరన్ ఇవ్వాలో లేదో చెప్తారట.

మా ఆయన ఇవన్నీ చదివి బెంగళూరులో బీపీ మిషన్ కొన్నారు, మణికట్టుకు పెట్టుకునేది. వాచీలా చిన్నగా ముద్దుగా ఉంది. శనివారం తెస్తున్నారు.

సిస్టరమ్మ_రిటైర్డ్ · 6:22

మణికట్టుది వద్దు తల్లీ, చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే అంకె మారిపోతుంది. దండ చేతికి కట్టేదే కావాలి, పట్టీ నీ చేతి లావుకు సరిపోయేలా చూసుకోమను. బిల్లు ఉంచుకున్నాడా?